గుర్తు – గుర్తింపు

మన సంఘము వెలువరించు ఈ సంచికకు ఏదైన వ్రాయుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను చాల సంకోచించితిని. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ఈ బరంపురములోనే ఒక రవాణా సంస్థయందు ముప్పదియారు సంవత్సరములు పార్సిలు గుమాస్తాగా పనిచేసి, విశ్రాంతి తీసికొనుచున్నవాడను. అయినను ఆ మధ్య మా యింట తలయెత్తిన ఒక ప్రశ్న నన్ను విడువక వెంటాడుచున్నది. అది మా యింటికి మాత్రమే చెందినది కాదనియు, వృద్ధులున్న ప్రతి గృహమునందును నేడో రేపో తలయెత్తునదే యనియు తోచుటచే, దానిని పెద్దల యెదుట ఉంచుటకు సాహసించుచున్నాను. ప్రశ్న యిది: యంత్రము మాత్రమే చదువగల గుర్తును మనుష్యుని దేహమునకు తగిలించుట న్యాయమా?

నా యుద్యోగమంతయు గుర్తులతోనే గడచినది. బుట్ట వచ్చినను, బస్తా వచ్చినను, ఇనుప పెట్టె వచ్చినను మొదట దానిపై రంగుతో గుర్తు వేయవలెను: ఎచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి పోవలెను, మొత్తము శాల్తీలెన్ని, రసీదు సంఖ్య యేమి. గుర్తు చెరిగిన శాల్తీ అనాథ వంటిది. అది గోదాములో ఒక మూల పడియుండి, తుదకు వేలమునకు పోవును. కనుక గుర్తును నేను తేలికగా చూచువాడను గాను.

ఇప్పుడు ఆ రంగు గుర్తు స్థానమున రేడియో గుర్తు వచ్చినది. ఆంగ్ల నామములోని మొదటి అక్షరములను బట్టి దీనిని ఆర్.ఎఫ్.ఐ.డి. అందురు. ఇందులో ఒక చిన్న చిప్పును, దానికి సన్నని తీగ వంటి యాంటెన్నాయు ఉండును. విరివిగా వాడుకలోనున్న రకమునకు బ్యాటరీ యుండదు. చదువు యంత్రము రేడియో తరంగములను పంపినపుడు చిప్పు ఆ తరంగములనుండియే తనకు కావలసిన స్వల్పశక్తిని గ్రహించి, తనలోని సంఖ్యను తిరిగి చెప్పును. యంత్రము దూరమైనచో అది మూగది.

దీని పూర్వచరిత్ర విచిత్రమైనది. 1945లో మాస్కోలో సోవియటు బాలలు అమెరికా రాయబారికి ఆ దేశపు రాజముద్రను కొయ్యతో చెక్కి కానుకగా ఇచ్చిరి. దానిలో బ్యాటరీ లేని ఒక వినికిడి పరికరము దాగియుండెను. వెలుపలినుండి రేడియో తరంగములు ప్రసరింపజేసినపుడు మాత్రమే అది పనిచేసెడిది. 1952 వరకు దాని రహస్యము బయటపడలేదు. ఈలోగా 1948లో హారీ స్టాక్‌మన్ అను ఇంజనీరు ప్రతిఫలించిన రేడియో శక్తితో వార్తలు పంపు విధానమును గూర్చి వ్యాసము ప్రకటించెను. 1973లో మారియో కార్డుల్లో, చార్లెస్ వాల్టన్ అను వారిరువురు ఇట్టి సాధనములకు అమెరికాలో పేటెంట్లు పొందిరి.

నేడు ఇది మన చుట్టును అల్లుకొని యున్నది. 2021 ఫిబ్రవరి నుండి టోల్ గేట్లవద్ద తప్పనిసరి చేయబడిన ఫాస్టాగ్ ఇట్టిదే. గ్రంథాలయములోని పుస్తకమునందును, మెట్రో రైలు కార్డునందును, 2024 నుండి మన దేశములో ఇచ్చుచున్న ఎలక్ట్రానిక్ పాసుపోర్టు అట్టయందును ఇట్టి చిప్పే యున్నది. పెంపుడు కుక్కల చర్మము క్రింద సూదితో ఎక్కించు చిప్పు బియ్యపు గింజంత యుండును. సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లావు గల గాజుగొట్టములో 15 అంకెల సంఖ్య యొకటి నిక్షిప్తమై యుండును. వీనివలన కలుగు మేలును కాదనుట కృతఘ్నత. వస్తువు త్రోవ తప్పినచో ఇల్లు చేరును. టోల్ గేటువద్ద బండ్ల బారు తగ్గును. దొంగిలిన పుస్తకము తలుపువద్దనే పట్టుబడును. నా కాలమున ఈ సాధనముండినచో మా గోదాములో ఎన్ని శాల్తీలు వేలమునకు పోక తప్పియుండెడివో!

ఇక మా యింటి సంగతి. మా అన్నగారు ఈ యూర తెలుగు పాఠశాలలో ముప్పదేండ్లు పిల్లలచేత ఓనమాలు దిద్దించినవారు. వారికిప్పుడు డెబ్బదియెనిమిది యేండ్లు. నాలుగేండ్లుగా మతిమరుపు వ్యాధి వారిని క్రమముగా కమ్ముకొనుచున్నది. ముందు నిన్నటి మాట పోయినది. పిదప మనుమల పేర్లు పోయినవి. ఆ తరువాత, జీవితమంతయు బజారున అనర్గళముగా మాటలాడిన ఒడియా పోయినది. తెలుగొక్కటే మిగిలినది. తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, తల్లిభాష నిలుచుట ఈ వ్యాధిలో తరచుగా కనబడునదే యని వైద్యులు చెప్పిరి.

రెండేండ్ల కొకమారు మా యూర జరుగు ఠాకురాణి యాత్ర దినములలో ఒకనాటి సాయంకాలము వారు ఇల్లు వెడలి జనసమ్మర్దములో కలిసిపోయిరి. రాత్రి పదునొకండు గంటలవరకు వీధి వీధియు వెదకితిమి. తుదకు పెద్ద బజారు దాపున ఒక కిళ్లీ దుకాణపు బల్లపై కూర్చుండగా దొరకిరి. ఆ దుకాణదారు ఒడియా వాడు. ముసలాయన మాటలు తనకు బోధపడకున్నను, అది తెలుగని మాత్రము గ్రహించి, ఆ వీధిలోని ఒక తెలుగు నేతపని వానిని పిలుచుకొని వచ్చెను. ఆయన వచ్చి, “అయ్యా, తమ ఇంటిపేరేమిటండి?” అని అడిగెను. అన్నగారు ఇంటిపేరు చెప్పిరి. మా తండ్రిగారి పేరు చెప్పిరి. తాము పుట్టిన వీధి పేరు చెప్పిరి. తమ పేరు మాత్రము చెప్పలేకపోయిరి. అయినను ఆ మూడు మాటలు చాలినవి. ఒకరినుండి ఒకరికి వార్త నడచి, గంటలోపల మాకు చేరెను.

మరునాడు అమెరికాలో నున్న అన్నగారి కుమారుడు ఫోనులో నాతో ఇట్లనెను: “చిన్నాన్నా, మా కుక్క తప్పిపోతే ఒంట్లో ఉన్న చిప్పు చదివి రెండో రోజుకే మాకు అప్పజెప్పారు. కుక్కకున్న రక్షణ నాన్నకు లేదా? ఆయనకూ ఒక చిప్పు వేయించండి. ఖర్చు నేను పెట్టుకుంటాను.” ఆ మాట వినగానే నాకు కోపము వచ్చినది. కాని కోపము సమాధానము కాజాలదు. ఆ బిడ్డ సముద్రముల కావల కూర్చుండి, ఏ రాత్రి ఏ వార్త వినవలసివచ్చునోయని వణకుచు అడిగినాడు. వానికి నేను కారణములతో జవాబు చెప్పవలసి యుండెను. ఆ కారణములకై చేసిన విచారణయే ఈ వ్యాసము.

మొదట తొలగవలసిన భ్రాంతి యొకటి కలదు. చర్మము క్రింది చిప్పు మనిషి ఎక్కడ ఉన్నాడో చెప్పదు. దానికి ఆ శక్తి లేదు. చదువు యంత్రమును కొన్ని అంగుళముల దూరమునకు తెచ్చిననే అది పలుకును. ఉపగ్రహముల సహాయమున స్థలమును తెలుపు పరికరము వేరు. దానికి బ్యాటరీ కావలెను, దానిని మాటిమాటికి చార్జి చేయవలెను. అది బియ్యపు గింజంత చిప్పులో ఇమడదు. కిళ్లీ దుకాణదారు వద్ద చదువు యంత్రము లేదు. ముసలివాని చర్మము క్రింద చిప్పు ఉండవచ్చునని అతనికి తోచదు. కావున ఆ రాత్రి అన్నగారి యొంట చిప్పున్నను, వారిని ఇల్లు చేర్చవలసినది ఆ దుకాణదారు జాలియే.

మనుష్యులకు చిప్పు అమర్చు ప్రయత్నము కొత్తది కాదు. 1998లో ఇంగ్లండులోని రెడింగు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెవిన్ వార్విక్ తన చేతిలోనే ఒక చిప్పు పెట్టించుకొని, దానితో తలుపులు తెరుచుకొనునట్లును, దీపములు వెలుగునట్లును చేసి చూపెను. 2004లో వెరిచిప్ అను సాధనమును మనుష్య దేహమున అమర్చుటకు అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ అనుమతి నిచ్చినది. ఆ యేడే స్పెయిను దేశములోని బార్సిలోనాలో ఒక విలాసశాల తన ముఖ్య అతిథులకు చిప్పులు వేయించి, పానీయముల ఖరీదును వానిద్వారా వసూలు చేసినది. 2007లో ఫ్లోరిడా రాష్ట్రమున మతిమరుపు రోగులకు వెరిచిప్‌లను అమర్చుటకు పూనుకొన్నపుడు, తమ సమ్మతిని తెలుపజాలని వారి దేహములపై ఇట్టి ప్రయోగము తగదని నిరసనలు చెలరేగినవి. 2010లో ఆ సాధనపు విక్రయము నిలిచిపోయినది.

అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రము బలవంతముగా ఎవరికిని చిప్పు వేయరాదని 2006లో చట్టము చేసినది. అదే రాష్ట్రమున 2017లో ఒక కంపెనీ తన ఉద్యోగులలో సుమారు ఏబదిమందికి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ చిప్పులు పెట్టించినది. అది వారి యిష్టముతోనే జరిగినదని కంపెనీ చెప్పినది. అది నిజమే కావచ్చును. కాని జీతమిచ్చు యజమాని యెదుట ‘ఇష్టము’ అను మాట ఎంత బరువు మోయగలదో, గుమాస్తాగా బ్రతికినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

వస్తువు మీది గుర్తు దాని యజమాని యెవరో చెప్పును. మనుష్యునకు యజమాని లేడు. ఈ రెంటికిని గల భేదమును మరచిన కాలములలో ఏమి జరిగినదో చరిత్రలో కలదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911లో అది మదరాసు రాజధానికి విస్తరించినది. 1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు మన బరంపురము ఆ రాజధానిలోనిదే యని పెద్దలకు తెలియును. ఆ చట్టము క్రింద కొన్ని కులములవారిని పుట్టుకను బట్టియే పట్టికలకెక్కించి, వ్రేలిముద్రలు తీసి, హాజరు పిలిచి, అనుమతి చీటీ లేనిదే వసతి విడువరాదని కట్టడి చేసిరి. తెలుగుదేశములోని స్టూవర్టుపురము అట్టి వసతులలో నొకటి. 1952లో ఆ చట్టము రద్దయినను, ఆ ముద్ర ఆ యూరి పేరునుండి నేటికిని పూర్తిగా తొలగలేదు. పట్టిక వ్రాసిన గుమాస్తాలలో దుర్మార్గులు కొందరే యుండవచ్చును. తక్కినవారు నావలెనే చేతిలోని కాగితమును సక్రమముగా నింపినవారై యుందురు. అదియే నన్ను భయపెట్టుచున్నది.

అట్లయిన దేహముపై గుర్తే కూడదందమా? అట్లనుటకును నాకు నోరు రాదు. మా నాయనమ్మ రెండు చేతులనిండ పచ్చబొట్లుండెడివి. సూదితో పొడిచి, పసరుతో రుద్దిన ఆ గుర్తులు కాటివరకు ఆమెతో వెళ్లినవి. నోట పలుకరాదని ఆమె నమ్మిన మా తాతగారి పేరు మోచేతి క్రింద ఉండెడిది. ఆమెకు చదువు రాదు. అయినను ఏ గుర్తు ఏదో, ఏ యేట ఎవరిచేత పొడిపించుకొన్నదో వ్రేలు పెట్టి చూపెడిది. దానికిని చిప్పునకును భేద మేమి? రెండును చర్మము క్రిందివే. పచ్చబొట్టును దానిని మోయువారు చదువగలరు. చిప్పును మోయువాడు తప్ప, యంత్రమున్న ప్రతివాడును చదువగలడు. తన యొంటిమీది వ్రాతను తాను చదువలేని స్థితి శాల్తీది. రంగుతో నేను వేసిన గుర్తును ఏ బస్తాయు చదివి యెరుగదు.

గుర్తును నమ్ముకొన్నవాడు ఎదుటనున్న మనిషిని చూడలేకపోవుట మరియొక యపాయము. కాళిదాసు నాటకములో శకుంతల స్వయముగా రాజసభలో నిలిచియుండగా దుష్యంతుడు ఉంగరము కొఱకు చూచెను. ఉంగరము లేనందున భార్య భార్య కాకపోయినది. అందుకు శాపము కారణమని కవి చెప్పెను. నా విషయమున ఏ శాపమును లేదు. సుమారు ముప్పదేండ్ల క్రిందట మా వీధిలోని ఒక వృద్ధురాలు కూతురు పంపిన మామిడిపండ్ల బుట్టకై మా కౌంటరు వద్దకు వచ్చెను. రసీదు పోగొట్టుకొన్నది. ఆమెను నేను చిన్ననాటినుండి ఎరుగుదును. ఆమె చేతి అప్పచ్చులు తిని పెరిగినవాడను. అయినను “రసీదు లేనిదే ఇవ్వడానికి వీల్లేదండి, అత్తమ్మా” అని పంపివేసితిని. హామీ పత్రము వ్రాయించి బుట్ట ఇచ్చుసరికి నాలుగు దినములు గడచినవి. పండ్లు కుళ్లిపోయినవి. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. ఆనాడు నేను నియమము తప్పలేదు, నిజమే. హామీ కాగితముపై నేనే సంతకము చేసి బుట్టను ఆనాడే ఇచ్చియుండవచ్చునను ఆలోచన మాత్రము నాకు రాలేదు. ఆమెను ఎరిగియుండుట నా పనిలోనిది కాదనుకొంటిని. గుర్తు నా చేతిలోనుండుటచే గుర్తింపు అనవసరమని తోచినది.

ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణ కలదు. “మీ రెంత చెప్పినను, తన మేలు తా నెరుగజాలని వృద్ధుని, పసిబిడ్డను ఏమి చేయుదురు? వారి సమ్మతికై కాచుకొని కూర్చున్నచో ప్రాణము మీదికి వచ్చును గదా” యందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. తీర్థములకు పోవునపుడు పిల్లల జేబులలో చిరునామా చీటీలు పెట్టినవారమే మన మందరము. 2022 నుండి అమరనాథ యాత్రికులకు రేడియో గుర్తు కార్డులు ఇచ్చుచున్నారు. మంచుకొండలలో ఆపద వచ్చినపుడు ఎవరెచ్చట నున్నారో తెలియుట కొఱకు. అందు దోషమేమియు నాకు కనబడదు. యాత్ర ముగిసిన వెంటనే అది మెడనుండి దిగును. 2005లో కాలిఫోర్నియాలోని సట్టర్ అను ఊర బడిపిల్లల మెడలలో రేడియో గుర్తులు వ్రేలాడదీసిరి. ముఖ్యోద్దేశము హాజరు తీసికొనుట. తల్లిదండ్రులు ఎదిరింపగా ఆ యేర్పాటును మానుకొనిరి. ఈ రెండును రేడియో గుర్తులే. మొదటిది మోయువాని ప్రాణము కొఱకు; రెండవది వ్రాసికొనువాని సౌకర్యము కొఱకు.

కావున నాకు తోచిన ధర్మ మిది. గుర్తు మోయువానికి అది చదువదగినదై యుండవలెను. దినమున కొకసారియైన దించదగినదై యుండవలెను. మోయువానికి తెలివి చాలనిచో, వానికి బదులుగా నిర్ణయించువారు అదే గుర్తును తాము మోయుటకు సిద్ధపడవలెను. గుర్తును చదివిన ప్రతివాడును ఆ మనిషికి కొంత ఋణపడవలెను. చదివి, వ్రాసికొని, ఊరకుండువానికి చదువు అధికారము లేదు. 2017లో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని నిర్ణయించినది. ఆ హక్కు జ్ఞాపకశక్తితోపాటు పోవునది కాదని నేను తలచుచున్నాను.

ఈ మాటలన్నియు అన్నగారి కుమారునికి వ్రాసితిని. అతడు వాదింపక, చేతికి కట్టుకొను రబ్బరు పట్టీ నొకదానిని పంపెను. అందులో చిప్పున్నది, ఫోనును దగ్గరకు తెచ్చినచో మా యింటి నంబరు కనబడును. అన్నగారు దానిని చేతికి కట్టనిచ్చిరి. అటు ఇటు త్రిప్పి చాలసేపు చూచిరి. పిదప పూర్వము పలకలు దిద్దిన కంఠముతో, “ఇందులో నా పేరేదీ?” అని అడిగిరి. వారు స్వయముగా తమ పేరు చెప్పలేరు. అది లేకపోవుట మాత్రము వారికి తెలిసినది. నేను జవాబు చెప్పలేకపోతిని.

మరునాడు ఆ పట్టీని గిన్నెలపై పేర్లు చెక్కువానివద్దకు తీసికొనిపోయి, ఒక రాగిరేకుపై ఇంటిపేరుతో సహా వారి పేరును తెలుగునను, ఒడియాలోను చెక్కించి, దాని క్రింద ఫోను నంబరు వేయించి పట్టీకి కుట్టించితిని. అట్టిదే మరియొకటి నా పేర చేయించి నా చేతికి కట్టుకొంటిని. నాకును అరువదియేడు వచ్చినవి. రాత్రి పండుకొనబోవునపుడు రెండును విప్పి దేవుని గూటిలో పెట్టుదుము. ఉదయము అన్నగారు రేకుపైని అక్షరములను వ్రేలితో దిద్దుచు చదివి, తరువాతనే చేయి చాపుదురు.

మన సంఘ సభ్యులకు ఒక మనవి. మన వీధులలో మతి తప్పుచున్న పెద్దలు పలువురున్నారు. వారికి మిగులు భాష తెలుగే. చుట్టునున్న లోకము భాష వేరు. వారిని గూర్చి వ్రాసిన పట్టిక కార్యాలయపు బీరువాలో ఉండనక్కరలేదు. ఆయా వీధివారి యెరుకలో ఉన్నచో చాలును. ప్రతి వీధిలో ఇద్దరు ముగ్గురు తెలుగువారు తమ పేర్లను దుకాణములవారికి తెలిపియుంచవలెను.

నేను ప్రతి సాయంకాలము అన్నగారిని పెద్ద బజారు వరకు నడిపించి తెచ్చుచున్నాను. ఆ కిళ్లీ దుకాణదారు మా కొఱకు రెండు తెలుగు మాటలు నేర్చుకొన్నాడు. మేము కనబడగానే “నమస్కారం, మాస్టారూ” అనును. అన్నగారికి అతడెవరో తెలియదు. అయినను ప్రతిదినమును చేతులు జోడించి, “బాగున్నావా, నాయనా?” అని అడుగుదురు.